ఎవెనోర్ గారి చెక్క గరిటె

నా నోరు మంచిది కాదు. ఈ మాట నేను అనడం కాదు, మా ఊరు సాన్ లాజరోలో ఏ గుమ్మం ముందు ఆగి అడిగినా చెబుతారు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు కూడా "మెల్బా కుట్టు బంగారం, నోరే కత్తెర" అని నా మొహం మీదే అంటారు. అననీ. అరవై ఏడేళ్ళు వచ్చాక ఎవరితో పోట్లాడతాను? కానీ ఆ కత్తెర మొదటిసారి ఎవరి మీద పడిందో గుర్తొచ్చినప్పుడల్లా తల ఎత్తుకోలేను. ఆయన పేరు ఎవెనోర్ కహీనా. నా చిన్నతనంలో మా ఊరి రేడియోలో బేస్‌బాల్ ఆట చెప్పేవారు. ఆయన గురించి రాయడానికి నాకంటే అర్హత లేని మనిషి ఈ ఊళ్ళో లేదు, అయినా రాస్తున్నాను. ఇంకెవరైనా రాస్తే నా పేరు మర్యాద కొద్దీ దాచిపెడతారు. అది నాకు ఇష్టం లేదు.

మాకు వేసవి అంటే డిసెంబరులో వాన మొహం చాటేసినప్పటి నుంచి ఏప్రిల్ దాకా. బడికి సెలవులు, చెరకు కోతలు, బేస్‌బాల్ మూడూ ఒక్కసారే వచ్చి పడేవి. సరస్సు మీది నుంచి గాలి ఎలా వీచేదంటే, తాడు మీద ఆరేసిన దుప్పటిని సాయంత్రానికి పక్కింటి పెరట్లో వెతుక్కోవలసి వచ్చేది. మా ఊరి జట్టుకి ఉడుములు అని పేరు పెట్టుకున్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. చేతిలోకి వచ్చి పడ్డ బంతిని కూడా జారవిడిచే ఉడుముల్ని నేను అక్కడే చూశాను.

ఎవెనోర్ గారు వారమంతా ఇనుప సామాన్ల కొట్లో మేకులు తూచేవారు. పొట్టి మనిషి, ఎడమ కాలు కొద్దిగా ఈడ్చి నడిచేవారు, తెల్ల చొక్కా మాత్రం ఎప్పుడూ ఇస్త్రీ చెడనిచ్చేవారు కాదు. కొట్లో ఆయన్ని ఎవరూ రెండోసారి తిరిగి చూసేవారు కాదు. ఆదివారం మైకు ముందు కూర్చుంటే మాత్రం ఊరు ఊరంతా చెవులు రిక్కించేది. గొంతు పెంచేవారు కాదు. పక్కన పీట వేసుకుని కూర్చుని మీ ఒక్కరికే చెబుతున్నట్టు చెప్పేవారు. బంతి విసిరే పిచ్చర్ మెడలో తాయెత్తు రంగు చెప్పేవారు, అవతలి ఊరివాళ్ళు ఏం నములుతున్నారో చెప్పేవారు. ఇల్లు కదలలేని వాళ్ళందరినీ పేరుపేరునా పలకరించేవారు. "తెన్చమ్మ గారూ, పొయ్యి మీద జావ పొంగుతుందేమో చూసుకోండి, మనవాళ్ళు ఇంకా బ్యాటు వెతుక్కుంటున్నారు" అనేవారు. మా ఇంట్లో నిజంగానే జావ పొంగుతూ ఉండేది.

తెన్చమ్మ అంటే మా అమ్మమ్మ, హోర్తెన్సియా. మెట్టు మీద జారిపడి తుంటి విరిగి, నాలుగేళ్ళుగా మంచానికీ కిటికీకీ మధ్యే తిరిగేది. అమ్మ రాజధాని మనాగ్వాలో ఎవరింట్లోనో వంట చేసేది, నెలకోసారి వచ్చేది. ఇంట్లో అమ్మమ్మ, నేను, మా అన్న ఉరియెల్. వాడికి పంతొమ్మిదేళ్ళు, ఉడుముల జట్టులో ఆడేవాడు. మనవడు మైదానంలో నిలబడగా అమ్మమ్మ ఒక్కసారి కూడా చూడలేదు. ఆవిడ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి, ఊళ్ళో ఆట ఉన్న రోజు కూడా నేను వెళ్ళేదాన్ని కాదు. ఎవెనోర్ గారు ఏం చెబితే మేమిద్దరం అదే చూసినట్టు లెక్క.

ఆయన చెప్పే ఉరియెల్ ఒబాందో ఎంత గొప్పవాడో. "కొట్టాడు. పోతోంది... పోతోంది... కంచె దాకా పోయింది... ఏం చేస్తాం తెన్చమ్మ గారూ, గాలి అడ్డం తిరిగింది. పట్టేశారు, అవుట్." మా అమ్మమ్మ మంచం మీద నుంచే గాలిని తిట్టేది. పాడు గాలి, దిక్కుమాలిన గాలి, నా మనవడి మీదే దానికి కన్ను అనేది. తిడుతుంటే మొహం వెలిగిపోయేది. నేను వీధిలోకి పరిగెత్తి, గాలి లేకపోతే మా అన్న కొట్టిన బంతి సరస్సులో పడేదని కనిపించినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. పెద్దవాళ్ళు అవునవును అని తలూపేవారు. ఆ తలూపడంలో ఏముందో పదకొండేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది.

పొరుగూరి ఆటలైతే ఆదివారం ప్రార్థన అవగానే చర్చి ముందు నుంచి జట్టు లారీ బయలుదేరేది. ఎవెనోర్ గారు టోపీ పెట్టుకుని, తోలు పెట్టె ఒకటి చేత్తో పట్టుకుని డ్రైవరు పక్కన ఎక్కేవారు. ఊరంతా చేతులు ఊపేది. మధ్యాహ్నానికి రేడియోలో ఆయన గొంతు బెలేన్ నుంచో నందైమె నుంచో వచ్చేది. వెనకాల జనం హోరు, బ్యాటుకి బంతి తగిలిన ఠక్ అనే చప్పుడు. ఆ ఠక్ ఎంత బాగుండేదంటే నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చునేవారు.

పందొమ్మిది వందల అరవై ఆరు, ఫిబ్రవరి. మందుల షాపు వాళ్ళమ్మాయి ఇలియానా నా తరగతే. బెలేన్‌లో వాళ్ళ అత్త ఇంటికి వెళ్ళి, అక్కడ మన జట్టు ఆట కళ్ళారా చూసి వచ్చింది. చర్చి మెట్ల మీద అందరి ముందూ నన్ను పట్టుకుంది.

"మీ అన్న మూడుసార్లు బ్యాటు ఊపాడే. మూడుసార్లూ దోమల్ని తోలాడు."

రేడియోలో కంచె దాకా కొట్టాడని చెప్పారుగా అన్నాను.

"రేడియోనా? మీ ఎవెనోర్ గారు అసలు అక్కడుంటేగా. నేను మైదానం చుట్టూ వెతికాను."

దాని జడ పట్టుకుని లాగాను, అది నా చెయ్యి కొరికింది, పాదిరీ గారు వచ్చి ఇద్దరినీ విడదీశారు. చెయ్యి రెండు రోజుల్లో మానింది. మాట మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది. మా అన్నని ఏమన్నా పడేదాన్నేమో, దాని నవ్వు మాత్రం పడలేకపోయాను.

తర్వాతి ఆదివారం నందైమెలో ఆట. ఆ రోజు చాలా అరుదుగా గాలి పూర్తిగా పడిపోయింది. ఆకు కదల్లేదు. వీధుల్లో దుమ్ము కూడా లేవలేదు. అమ్మమ్మకి రేడియో పెట్టి, మంచినీళ్ళు పక్కన పెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి బయటపడ్డాను. రేడియో గది తంతి ఆఫీసుని ఆనుకుని వెనక వైపు ఉండేది. చెక్క పలకల గోడ, వాటి మధ్య సందులు. కన్ను పెట్టి చూశాను.

ఎవెనోర్ గారు అక్కడే ఉన్నారు. టోపీ మేకుకి వేలాడుతోంది. కిటికీ గట్టిగా మూసి ఉంది, ఇస్త్రీ చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, చెమటతో తడిసిపోయిన బనీనుతో కూర్చున్నారు. చర్చి ముందు లారీ ఎక్కిన మనిషి వాగు దగ్గర దిగిపోయి, చెరకు తోటల్లోంచి ఆ కాలు ఈడ్చుకుంటూ నడిచి వచ్చేవారని తర్వాత తెలిసింది. పొరుగూళ్ళ నుంచి ఆట వినిపించడానికి రేడియో వాళ్ళకి లైను లేదు. అక్కడి తంతి గుమాస్తా ఒక్కొక్క ఇన్నింగ్స్‌కి నాలుగు ముక్కలు పంపితే, ఇక్కడి గుమాస్తా గోడలో ఉన్న కంతలోంచి చీటీ అందించేవాడు. ఆ నాలుగు ముక్కల్లోంచి ఎవెనోర్ గారు మైదానం, ఎండ, తాయెత్తు, జనం అన్నీ కల్పించేవారు. ఎండు చిక్కుడు గింజలు పోసిన జల్లెడ ఊపితే జనం హోరు. బల్ల మీద ఒక చెక్క ముక్క, చేతిలో చెక్క గరిటె. గరిటెతో ఆ చెక్క మీద కొడితే ఆ ఠక్.

చీటీ వచ్చింది. అక్షరాలు పెద్దవి, నాకు కనిపించాయి. ఒబాందో, మూడు స్ట్రయిక్‌లు, అవుట్. అంటే మూడుసార్లూ బ్యాటుకి బంతి తగల్లేదు. ఆయన చీటీ చదువుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, గరిటె ఎత్తి కొట్టారు. "కొట్టాడు. పోతోంది... పోతోంది..." అని మొదలుపెట్టారు. గాలి దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. గాలి ఎక్కడుంది? ఒక్క ఆకైనా కదిలిందా? నా అన్న, నేను వీధి వీధికీ మోసిన నా అన్న, చెక్క మీద కొట్టిన గరిటె చప్పుడా? ఇలియానా నవ్వు చెవుల్లో గింగురుమంది.

మూలమీది కొట్టు ముందు నలభై మంది రేడియో చుట్టూ కూర్చుని వింటున్నారు. వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడి, మీరు వింటున్న ఆట నందైమెలో జరగడం లేదు, తంతి ఆఫీసు వెనక జరుగుతోంది, రండి చూపిస్తానని అరిచాను. వింత ఏమిటంటే పెద్దవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. కొందరు నేలచూపులు చూశారు. కొట్టాయన అయితే, "ఇంటికి పోవే తల్లీ, అమ్మమ్మ ఒక్కతే ఉంటుంది" అన్నాడు, చాలా నెమ్మదిగా. నేను వినలేదు. చెరకు కోతకి వేరే ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళు పదిమంది లేచారు, వాళ్ళ వెనక పిల్లలు, పిల్లల వెనక ఆపలేక పెద్దలు.

తలుపు నేనే తన్నాను. గడియ ఊడిపోయింది. ఎవెనోర్ గారి చేతిలో గరిటె గాలిలో ఉంది, మైకు నడుస్తోంది. అంత పెద్దాయన్ని, మా నాన్న వయసు మనిషిని, నువ్వు అని పిలిచాను.

"అబద్ధాలకోరు. నువ్వు నందైమె వెళ్ళలేదు. ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదువు."

కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. ఒకడు జల్లెడ తీసి ఊపాడు. ఆ నవ్వూ, ఆ గింజల చప్పుడూ, నా గొంతూ అన్నీ రేడియోలో ఊరంతా వినిపించాయి. ఎవెనోర్ గారు నన్ను చూశారు. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. బనీనుతో ఉన్నానని అప్పుడే గుర్తొచ్చినట్టు కుర్చీ మీద చొక్కా తీసి తొడుక్కున్నారు, గుండీలు అన్నీ పెట్టుకున్నారు. గరిటె బల్ల మీద పెట్టారు. మైకు దగ్గరికి వంగారు.

"ఏడో ఇన్నింగ్స్. ఒబాందో. మూడు స్ట్రయిక్‌లు. అవుట్."

మిగిలిన ఆట కూడా అలాగే చదివారు. చీటీ వచ్చేదాకా ఊరుకునేవారు, వచ్చాక ఉన్నది చదివేవారు. ఎండ లేదు, తాయెత్తు లేదు, ఎవరినీ పలకరించడం లేదు. మొదట నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి తలుపు దగ్గర నేను, ఇద్దరు పిల్లలు మిగిలాం.

బయటికి రాగానే కుర్రాళ్ళు నన్ను భుజాల మీద ఎక్కించుకున్నారు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నారు. చింతపండు పానకం పోసిన ఐసు కొనిపెట్టారు. చొక్కా గుండీలు పెట్టుకుంటున్న ఆయన వేళ్ళు కళ్ళ ముందే ఉన్నా, నేను ఆ ఐసు చివరిదాకా తిన్నాను. తినడమే కాదు, గరిటె ఎలా పట్టుకున్నారో, కళ్ళు ఎలా మూసుకున్నారో నడివీధిలో ఆడి చూపించాను. అందరూ నవ్వితే మళ్ళీ చూపించాను. ఇంత చెప్పి ఇది చెప్పకపోతే ఆ అబద్ధం నాదవుతుంది.

ఇంటికి వెళ్ళేసరికి రేడియో కట్టేసి ఉంది. అమ్మమ్మకి అంతా చెప్పబోయాను. "విన్నాను" అంది, అంతే. మంచినీళ్ళు అడిగింది. చీకటి పడేముందు ఉరియెల్ వచ్చాడు. నందైమెలో వాడికి తెలియదు, లారీ దిగగానే ఎవరో చెప్పారు. వాడు నన్ను కొడతాడని మూల నక్కాను. కొట్టలేదు.

"ఆయన ఎప్పుడూ లెక్క మార్చలేదే మెల్బా" అన్నాడు బూట్లు విప్పుకుంటూ. "అవుట్ అయితే అవుట్ అనే చెప్పాడు. ఓడిపోతే ఓడిపోయామనే చెప్పాడు. ఎలా అవుట్ అయ్యానన్నది ఒక్కటే ఆయన చేతిలో ఉండేది."

మర్నాడు పొద్దున్నే ఎవెనోర్ గారు మా గుమ్మంలోకి వచ్చారు. టోపీ చేతిలో ఉంది. పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం అమ్మమ్మ ఒళ్ళో పెట్టారు.

"తెన్చమ్మ గారూ, మీ గరిటె. నాలుగేళ్ళు వాడుకున్నాను. అంచు కాస్త అరిగింది, ఏమనుకోకండి."

"దానికంటే గట్టి కర్ర దొరకదనేగా ఇచ్చాను. ఉంచుకోండి బాబూ."

"ఇంక దానికి పని లేదమ్మా" అన్నారు. గుమ్మం దాటుతూ నా వైపు తిరిగి "వస్తాను తల్లీ" అన్నారు. ఆ మాట నాకు చెప్పవలసిన అవసరం ఆయనకి లేదు.

నేను గరిటె వైపు చూస్తూ నిలబడిపోయాను. గుయాకాన్ కర్ర గరిటె, ఇనుములా గట్టిది, అమ్మమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఎప్పుడో పోయిందని నేను అనుకున్నది. అమ్మమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, అరిగిన అంచు బొటనవేలితో తడిమింది.

"నువ్వు కనిపెట్టావా?" అంది. "నలభై ఏళ్ళు నేను కలియబెట్టిన గరిటె చప్పుడు నాకు తెలీదటే? వాడు ఎలా ఆడతాడో నాకు తెలీదనుకున్నావా? మంచాన పడ్డ ముసల్దాన్ని. ఆదివారం రెండు గంటలు నాకు కాళ్ళుండేవి. ఊరంతటికీ తెలుసు. తెలిసే ఊరుకుంది. తెలియంది నీకొక్కదానికే."

తిట్టి ఉంటే బాగుండేది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఆవిడ అందరికీ చెప్పేది, నాకు మాత్రం మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత ఆదివారాలు మా ఇంట్లో రేడియో మోగలేదు. ఉరియెల్ లారీ ఎక్కలేదు, రివాస్ పట్నంలో మెకానిక్ షెడ్డులో చేరాడు. రెండేళ్ళకి అమ్మమ్మ పోయింది. గరిటె నాకు మిగిలింది, దానితో నేను ఏనాడూ ఏదీ కలియబెట్టలేదు.

ఎవెనోర్ గారి బతుకు ఎలా పోయిందో వినండి. రేడియో యజమాని రివాస్ నుంచి గట్టి గొంతు కుర్రాణ్ణి తెచ్చాడు. వాడు నిజంగానే లారీలో వెళ్ళేవాడు, జరిగింది జరిగినట్టు చెప్పేవాడు, ఎవరినీ పేరు పెట్టి పలకరించేవాడు కాదు. ఊళ్ళో పిల్లలకి ఒక ఆట దొరికింది. ఎవెనోర్ గారు వీధిలో వెళ్తుంటే గోడల మీద కర్రలతో ఠక్ ఠక్ అని కొట్టేవారు. ఆ ఆట వాళ్ళకి ఎవరు నేర్పారో మీకు తెలుసు. ఇనుప కొట్లో మేకులు కొనడానికి వచ్చిన కోత కూలీలు కూడా బల్ల మీద ఠక్కుమనిపించి నవ్వేవారు. ఏడాది తిరక్కుండా ఆయన ఆ కొట్టు పని మానేసి, బస్టాండులో బస్సెక్కేవాళ్ళని కేకేసి పిలిచే పనిలో చేరారు. "రివాస్, రివాస్, ఇద్దరికి చోటుంది." ముప్ఫై ఏళ్ళు అదే. యుద్ధం వచ్చింది, పోయింది, బస్సుల రంగులు మారాయి, ఆయన అదే స్తంభం పక్కన నిలబడి ఉండేవారు. తెల్ల చొక్కా ఇస్త్రీ మాత్రం చెడలేదు.

నేను కుట్టుపని మొదలుపెట్టాక దారాలకీ గుండీలకీ వారానికి రెండుసార్లు రివాస్ వెళ్ళేదాన్ని. అంటే వారానికి రెండుసార్లు ఆయన ఎదుటికి. నన్ను చూడగానే, "మెల్బా గారికి కిటికీ పక్కన చోటివ్వండయ్యా, ఆవిడకి బస్సు పడదు" అని లోపలికి కేకేసేవారు. నాకు బస్సు పడదని ఎవరికీ చెప్పలేదు, మొహం చూసి కనిపెట్టి ఉంటారు. ఈ రోజు చెప్పేస్తాను, క్షమించమని అడిగేస్తాను అని ఎన్నిసార్లు అనుకుని బయలుదేరానో. ఊళ్ళో ఎవరికైనా ఎదురు చెప్పే నోరు ఆ స్తంభం దగ్గరికి రాగానే ఎండిపోయేది. ఒకసారి మాత్రం ధైర్యం చేసి, "బాబాయ్, మీతో ఒక మాట..." అన్నాను. ఆయన నా మొహం చూశారు. "బస్సు కదులుతోంది, ఎక్కమ్మా" అన్నారు. ఎక్కి కూర్చోగానే హమ్మయ్య అనిపించింది. చేసిన తప్పుకంటే ఆ హమ్మయ్యకి నేను ఎక్కువ సిగ్గుపడతాను.

పోయిన వేసవిలో ఆయన కూతురు కాందిదా నా దగ్గరికి ఒక గౌను బిగించమని తెచ్చింది. ఇంకో ఊళ్ళో కాపురం ఉండి, తండ్రిని చూసుకోవడానికి ఈ మధ్యే వచ్చింది. నాన్నకి తొంభై ఒక్కేళ్ళు, గొంతుకి ఆపరేషను చేశారు, మాట పూర్తిగా పోయింది అని చెప్పింది. మనవరాలి పలక మీద రాసి చూపిస్తారట. నా చేతిలో సూది ఆగిపోయింది. ఆ గొంతు కూడా పోయిందా అనుకున్నాను. ఇంక ఆయన నన్ను "బస్సు ఎక్కమ్మా" అని తప్పించలేరు కూడా అనిపించి, అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గుపడ్డాను.

ఆదివారం మధ్యాహ్నం గరిటె పట్టుకుని వెళ్ళాను. పెరట్లో మామిడి చెట్టు కింద చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నారు. మెడకి తెల్లగుడ్డ. గరిటె చేతికిచ్చాను. గుర్తుపట్టారు. అరిగిన అంచు మీద బొటనవేలు అచ్చం అమ్మమ్మ తడిమినట్టే తడిమారు. నేను కూర్చోలేదు, నిలబడే మొదలుపెట్టాను. యాభై ఆరేళ్ళు మనసులో తిప్పి తిప్పి దిద్దుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"బాబాయ్, నేను మీ బతుకు పాడు చేశాను. తెలిసీ తెలియక అని చెప్పను. నవ్వించాలని చేశాను. మిమ్మల్ని నువ్వు అన్నాను. ఆ తర్వాత ఒక్కసారైనా వచ్చి అడగలేదు."

కాందిదా కాఫీ తెస్తూ గుమ్మంలో ఆగిపోయింది. ఏం జరిగిందని అడిగింది. ఆ పిల్లకి తండ్రి ఏనాడూ చెప్పలేదు. రేడియో ఎందుకు మానేశారని అడిగితే, లారీ ప్రయాణం పడక మానేశానని చెప్పారట. ఎవెనోర్ గారు చెయ్యి చాపి పలక అడిగారు. మేకులు తూచినంత జాగ్రత్తగా రెండు వాక్యాలు రాసి నాకు కాదు, కూతురికి చూపించారు. నేను ఒంగి చదివాను.

ఆ రోజు గాలి ఎక్కువ.
తలుపు దానంతటదే తెరుచుకుంది.

పక్కనున్న పీట లాక్కుని కూర్చున్నాను. మా అన్నకి చేసినట్టే, అదే గాలితో, నన్ను కూడా కంచె దాకా తీసుకుపోతున్నారు. ఊరుకుంటే సరిపోయేది. కాందిదా నమ్మేది, కాఫీ తాగి ఇంటికి వెళ్ళేదాన్ని. బస్సు ఎక్కినట్టే.

"లేదు కాందిదా" అన్నాను. "తలుపు నేనే తన్నాను. గడియ ఊడిపోయేలా తన్నాను. తన్ని, మీ నాన్నని ఊరంతా వినేలా అబద్ధాలకోరు అన్నాను. గాలి లేదు. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు."

కాందిదా నా వైపు చూసిన చూపు నాకు దక్కవలసిందే, యాభై ఆరేళ్ళు ఆలస్యంగా దక్కింది. ఎవెనోర్ గారు పలక ఒళ్ళోకి లాక్కుని, చొక్కా చేతి అంచుతో రెండో వాక్యం మెల్లగా తుడిచేశారు. అవుట్ అయితే అవుట్. ఆయన ఎప్పుడూ లెక్క మార్చలేదు.

మొదటి వాక్యం తుడవలేదు. గరిటె తీసి కుర్చీ చెయ్యి మీద ఒక్కసారి ఠక్కుమని కొట్టారు, పలక నా చేతిలో పెట్టారు. నేను తల వంచుకుని, ఆ రోజు వీచని గాలి గురించి ఆయన రాసింది మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చున్నాను.